అహ్మదాబాద్ పోళ్లలో పాత ఇంటి మరమ్మతు: ఏ పని ముందు, ఏది తర్వాత?

మండువా_లోగిలి | శనివారం, ఉదయం 8.10

అహ్మదాబాద్ పాత నగరం గురించి ఈ వేదికలో అక్కడో మాట ఇక్కడో మాట అనుకుంటూనే ఉన్నాం. మరమ్మతు సంగతి అంతా ఒకచోట ఉంటే పనికొస్తుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1411లో అహ్మద్ షా సబర్మతి తూర్పు ఒడ్డున కట్టించిన నగరం ఇది. 2017 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మన దేశంలో నగరానికి నగరం ఆ జాబితాకెక్కడం అదే మొదలు. విస్తీర్ణం 535 హెక్టార్ల పైచిలుకు. జామా మసీదు, భద్ర కోట ఒక ఎత్తయితే, వాటి చుట్టూ జనం కాపురాలుండే పోళ్లు ఇంకో ఎత్తు. పోళ్ అంటే ఒకే ద్వారం ఉన్న వాడ. లోపల సన్నటి సందులు, పక్షులకు గింజలు వేసే చబుత్రో, గుడి, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లు.

ఇంటి లోపలి పేర్లు మనకు కొత్త గానీ అమరిక కొత్త కాదు. వీధి వైపు ఓట్లో అంటే మన అరుగు. చౌక్ అంటే మండువా. దాన్ని ఆనుకున్న వసారా పర్సాళ్. లోపలి గది ఓర్డో. చౌక్ కింద వాన నీళ్లు నిలవ చేసే తొట్టి టాంకూ.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకోండి. పాత నగరంలోని ఖాడియా వైపు, మూడు అంతస్తులు, వెడల్పు నాలుగున్నర మీటర్లు, పొడవు పదిహేను. రెండు పక్కలా ఉమ్మడి గోడలే. కింద ఛాతీ ఎత్తు దాకా చెమ్మ, దాని మీద ఉబ్బి ఊడుతున్న సిమెంటు పూత. మొదటి అంతస్తు దూలం ఒకటి వీధి వైపు 40 మి.మీ. కుంగింది. చౌక్‌లో తర్వాతెప్పుడో కట్టిన మరుగుదొడ్డి. ఈ ఇంటికి పని ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు రంగులతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ, అందుకే అడుగుతున్నాను.

గానుగ_సున్నం | శనివారం, ఉదయం 9.32

పైకప్పు, గొట్టాలు, చెక్క, గోడ, పూత, రంగు. ఈ వరస తప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

మీరు చెప్పిన చెమ్మకు కారణం నూటికి తొంభై పాళ్లు రెండే. ఒకటి, మరుగుదొడ్డి గొట్టం గోడలో కారడం. ఈ ఇళ్లలో మొదట్లో లోపల మరుగుదొడ్లు లేవు. తర్వాత కట్టినవి చౌక్ మూలలోనో, పర్సాళ్ చివరో ఇరికించారు, గొట్టాలు ఇటుక గోడలో దాచేశారు. రెండోది సిమెంటు పూత. నేలలోంచి గోడలోకి చెమ్మ ఎక్కడం ఈ ఇళ్లకు కొత్తేమీ కాదు. సున్నం పూత ఉన్నంతకాలం అది మోకాలి ఎత్తులోనే ఆరిపోయేది. సిమెంటు పూశాక ఆరే దారి మూసుకుపోయి పైకి ఎక్కుతూ పోతుంది, చివరికి దూలం కొస దాకా చేరుతుంది. మీ కుంగిన దూలానికీ ఈ చెమ్మకీ సంబంధం ఉండే అవకాశమే ఎక్కువ.

చేయాల్సింది: గొట్టాలన్నీ గోడలోంచి తీసి చౌక్ వైపు గోడకు బయట క్లాంపుల మీద దింపాలి. చెమ్మ గీత కంటే ఇంకో 45 సెం.మీ. పైదాకా సిమెంటు పూత కొట్టేయాలి. కొట్టేటప్పుడు ఉలి గోడకు వాలుగా పట్టుకోవాలి, నిటారుగా కొడితే పాత ఇటుక ముఖం సిమెంటుతో పాటే ఊడొస్తుంది. తర్వాత గోడను అలాగే వదిలేయాలి, కనీసం ఒక ఎండాకాలం. పైకి తేలే తెల్ల ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ఊడ్చి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది.

అంత ఓపిక లేక నెలలోపే పూత వేసేవాళ్లే ఎక్కువమంది. ఆ పూత రెండో వానాకాలం చూడదు.

చిన్న_అరుగు | శనివారం, ఉదయం 10.05

గానుగ_సున్నం గారూ, పూత పాళ్లు కూడా చెబుతారా? అక్కడి మేస్త్రీలు సున్నంలో కొంచెం సిమెంటు కలిపితే త్వరగా గట్టిపడుతుంది అంటారు.

గానుగ_సున్నం | శనివారం, ఉదయం 11.20

కలపకూడదండి. గుప్పెడు కలిపినా మిశ్రమం సున్నంలా ఊపిరి పీల్చదు, సిమెంటులా గట్టిపడదు. రెంటికీ చెడుతుంది.

పాళ్లు: సున్నం ముద్ద 1, ఇసుకా సుర్ఖీ (ఇటుక పొడి) కలిపి 2. ఆ రెండులో సగం ఇసుక, సగం సుర్ఖీ. సుర్ఖీకి తక్కువ కాలిన లేత రంగు ఇటుకలు దంచాలి. బాగా కాలి నల్లబడ్డ ఇటుక పొడి సున్నంతో కలిసి పట్టు పట్టదు, ఉత్త ఇసుకలాగే ఉండిపోతుంది. బజారులో దొరికే పొడిలో సగం ఇలాంటిదే, అందుకని ఇటుక తెచ్చి ఎదురుగా దంచించుకోవడం మేలు.

10 చదరపు మీటర్ల గోడకు మొత్తం 20 మి.మీ. మందం వేస్తే 200 లీటర్ల మిశ్రమం పడుతుంది. వృథా కలుపుకుని 110 లీటర్ల ముద్ద, 220 లీటర్ల ఇసుక-సుర్ఖీ సిద్ధం చేసుకోండి. ముద్దకు రాతి సున్నాన్ని నీళ్లలో కనీసం మూడు వారాలు నానబెట్టాలి, మూడు నెలలైతే ఇంకా మంచిది. పైన ఎప్పుడూ నాలుగు వేళ్ల నీళ్లు నిలవాలి. చాలనంత కాలం నానని సున్నం గోడ మీద పూశాక పేలుతుంది. పెసర గింజంత గుంటలు పడి, మధ్యలో తెల్ల చుక్క కనిపిస్తే కారణం అదే.

మూడు పొరలు: 10 మి.మీ., 7 మి.మీ., చివర 3 మి.మీ. నున్నటి పూత. మొదటి రెండు పొరల మీద తాపీ కొసతో అడ్డదిడ్డంగా గీతలు గీయాలి. పొరకూ పొరకూ మధ్య వారం పది రోజులు. తడి గోనెలు కట్టి ఆరకుండా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ 44 డిగ్రీలు మామూలే, ఆ వేడిలో పూస్తే పూత ఆరిపోతుంది గానీ పట్టు రాదు, చేత్తో రుద్దితే పొడి రాలుతుంది. దసరా వెళ్లాక మొదలుపెట్టి ఫిబ్రవరిలోపు ముగించాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు మనవైపు డంగు సున్నంలో వాడినట్టే ఇక్కడా వాడొచ్చు, పని సులువవుతుంది. అవి లేకపోయినా పని ఆగదు. నానబెట్టడం, తడపడం మాత్రం తప్పవు.

దూలం_వాసం | శనివారం, మధ్యాహ్నం 2.45

దూలం సంగతి నేను చెబుతాను. 40 మి.మీ. కుంగితే ముందు కారణం పట్టుకోవాలి. దూలం నడిమధ్యలో వంగిందా, గోడలోకి దూరిన కొస కుళ్లి కూర్చుందా? రెంటికీ మందు వేరు. కొస దగ్గర పూత తీసి, సన్నటి ఆరను (మొనదేలిన ఇనప సూదిని) చెక్కలోకి పొడిచి చూడండి. గట్టి టేకులోకి 2, 3 మి.మీ. మించి దిగదు. వేలెడు దిగితే కుళ్లినట్టే. కొయ్య సుత్తితో తట్టుకుంటూ వస్తే డొల్ల చప్పుడు ఆగిన చోటు నుంచి మంచి చెక్క మొదలవుతుంది. ఆ గీత పెన్సిలుతో గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత ఆసరా. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మొదటి అంతస్తు దూలానికి కింద గదిలో జాకీ పెట్టి ఎత్తుతారు. నేల కింద టాంకూ ఉందేమో చూడరు. తొట్టి కప్పు మీద జాకీ పెడితే కప్పు పగులుతుంది. బరువు గట్టి నేల దాకా దిగాలి, జాకీ కింద మందపాటి పలకలు అడ్డంగా పరచాలి. పై అంతస్తుల్లో కూడా అదే నిలువు గీతలో ఆసరాలు ఉండాలి.

ఎత్తడం రోజుకు 2 మి.మీ., మహా అయితే 3. అంటే 40 మి.మీ.కి రెండు మూడు వారాలు. ఒక్కపూటలో ఎత్తితే పై అంతస్తు గోడల్లో పగుళ్లు, తలుపు చట్రాలు బిగుసుకుపోవడం ఖాయం. పూర్తిగా మట్టానికి తేవాలన్న పట్టుదల కూడా వద్దు. ఏళ్ల తరబడి ఆ వంపుకు అలవాటుపడిన ఇల్లది. పైన తలుపులు సాఫీగా మూసుకుంటే అక్కడే ఆపండి.

కుళ్లిన కొస కోసేసి, మంచి చెక్క దగ్గర ఏటవాలు అతుకు వేయాలి. అతుకు పొడవు దూలం ఎత్తుకు కనీసం మూడింతలు. 250 మి.మీ. దూలానికి 750 మి.మీ. అతుకు. కొత్త ముక్క బాగా ఆరిన టేకు కావాలి. పడగొట్టిన ఇళ్ల పాత టేకు దొరికితే అంతకన్నా మంచిది లేదు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి, మామూలు ఇనుము తుప్పు పట్టి చెక్కను లోపల్నుంచి చీలుస్తుంది. గోడలో దూలం కొస కింద రాతి పలక, చుట్టూ 15-20 మి.మీ. ఖాళీ. ఆ ఖాళీని సున్నంతో కూడా నింపొద్దు, గాలి ఆడాలి. చెదలకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు కొసకు, అతుకు ముఖాలకు రెండు మూడు సార్లు పట్టించాలి.

ఇంజినీర్_కాకినాడ | శనివారం, సాయంత్రం 6.18

ఇంత చేసే బదులు ఆ ఒక్క అంతస్తుకు కాంక్రీటు స్లాబు వేసి, ముఖభాగం మాత్రం పాతది ఉంచేస్తే? చాలాచోట్ల అదే చేస్తున్నారు. భూకంపాల లెక్కలో కూడా చెక్క కంటే కాంక్రీటే నయం కదా.

దూలం_వాసం | శనివారం, సాయంత్రం 7.02

ఇంజినీర్ గారూ, అహ్మదాబాద్ అనుభవం దానికి ఎదురు చెబుతోంది. 2001 జనవరి 26 భూకంపంలో ఆ నగరంలో కూలి ప్రాణాలు తీసినవి ఎక్కువగా కొత్త కాంక్రీటు అపార్టుమెంట్లే. కింద పార్కింగు కోసం ఖాళీగా వదిలేసి, స్తంభాల మీద నిలబెట్టినవి. పాత నగరంలో సరిగ్గా చూసుకున్న చెక్క-ఇటుక ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి.

కారణం గోడలోనే ఉంది. ఇవి ఉత్త ఇటుక గోడలు కావు. అంతస్తు మట్టంలో, కిటికీల కింద, తలుపుల పైన గోడ పొడవునా అడ్డంగా చెక్క పట్టీలు వేసి, ముందు గోడనూ వెనక గోడనూ దూలాలతో ముడివేశారు. ఊగినప్పుడు సున్నం కీళ్ల దగ్గర ఇటుకలు కొంచెం కదిలి ఆ శక్తిని మింగుతాయి, పట్టీలు గోడ విడిపోకుండా పట్టుకుంటాయి. ఏసీ కోసమో కొత్త తలుపు కోసమో ఆ పట్టీని ఒక్కచోట కోసినా ఆ వరస మొత్తం ముడి తెగినట్టే.

ఇక బరువు. 125 మి.మీ. స్లాబు చదరపు మీటరుకు 310 కిలోల పైన, మీద పరిచే బండలు కాక. పలకల మీద 75 మి.మీ. సున్నం గచ్చు వేసిన పాత నేల సుమారు 150 కిలోలు. రెట్టింపు బరువు ఉమ్మడి గోడల మీద పెడుతున్నారు, అందులో సగం గోడ పక్కింటివాళ్లది.

ఇంజినీర్_కాకినాడ | శనివారం, రాత్రి 8.40

బరువు లెక్క ఒప్పుకుంటున్నాను. ఉమ్మడి గోడ సంగతి నేను తగినంత ఆలోచించలేదు. ఒక ఇల్లు మాత్రం కాంక్రీటు చట్రంగా మారితే వరసలో దాని ఊగే తీరు వేరవుతుంది, పక్కిళ్లను గుద్దుతుంది. పైగా పునాది తవ్వేటప్పుడు పక్కింటి పునాది కింద మట్టి జారుతుంది.

పట్టీలు తెగిన చోట మాత్రం స్టీలు వాడొచ్చు. చెక్క పట్టీకి రెండు వైపులా 6 మి.మీ. మందం స్టెయిన్‌లెస్ పట్టీలు, తెగిన చోటు నుంచి అటూ ఇటూ కనీసం 600 మి.మీ. దాకా, బోల్టులతో. ముందు గోడ బయటికి వాలుతుంటే నేల పలకల కింద దూలం పక్కన 16 మి.మీ. కడ్డీతో వెనక గోడకు లాగి కట్టొచ్చు. విప్పి తీయగలిగే పని కాబట్టి అభ్యంతరం ఉండకూడదు.

ఇంకో హెచ్చరిక. ఉత్తరాయణ్‌కి, అంటే జనవరి 14న, గాలిపటాల కోసం అక్కడ మేడలన్నీ నిండిపోతాయి, మేడలు అద్దెకు కూడా ఇస్తారు. చదరపు మీటరుకు నలుగురు నిలబడితే 280 కిలోలు, ఎగురుతూ ఉంటే ఇంకా ఎక్కువ. మేడ కింది వాసాలు డిసెంబరులోనే పొడిచి చూడాలి. 1,000 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటే అది ఒక టన్ను. దాన్ని వాసాల నడుమ కాకుండా రెండు గోడలు కలిసే మూల దగ్గర, అడ్డ దూలాల మీద పెట్టాలి.

నగర_పటం | ఆదివారం, ఉదయం 7.50

పని వరస బాగా చెప్పారు. కాగితాల వరస కూడా ఉండాలి, లేకపోతే సగంలో పని ఆగుతుంది.

మొదట సిటీ సర్వే ఆఫీసు నుంచి ప్రాపర్టీ కార్డు. పాత ఇళ్ల కార్డుల్లో తాతల పేర్లే ఉంటాయి. వారసులు పదిమంది ఉంటే పదిమంది సంతకాలూ కావాలి. కింద అంతస్తులో పగిడీ అద్దెదారు (ముందే పెద్ద మొత్తం కట్టి తక్కువ అద్దెకు ఉండేవాడు) ఉంటే, 1947 నాటి బొంబాయి అద్దె చట్టం రక్షణ అతనికి ఉండొచ్చు. అది తేల్చుకోకుండా దూలం ముట్టుకోవద్దు.

రెండు, ఇల్లు మున్సిపల్ కార్పొరేషన్ వారసత్వ జాబితాలో ఏ శ్రేణిలో ఉందో చూడాలి. పాత నగరంలో జాబితాకెక్కిన ఇళ్లు రెండు వేల పైమాటే. కార్పొరేషన్‌కి 1996 నుంచే వారసత్వ విభాగం ఉంది. జాబితాలోని ఇంటికి మార్పులు చేయాలంటే వారసత్వ పరిరక్షణ కమిటీ అనుమతి తప్పదు. పటాలతో పాటు ప్రతి గదీ, ప్రతి స్తంభమూ ఫొటోలు తీసి అంకెలు వేసి ఇవ్వండి, ప్రశ్నలు తగ్గుతాయి.

మూడోది చాలామంది మర్చిపోయేది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా నియంత్రణ. ఇది 2010 సవరణతో గట్టిపడింది. మరమ్మతు చేసుకోవచ్చు గానీ దానికి విడిగా అనుమతి కావాలి. పాత నగరంలో అడుగడుక్కీ అలాంటి మసీదులు, సమాధులు ఉన్నాయి, అందుకని చాలా పోళ్లు ఏదో ఒక వలయంలో పడతాయి. కార్పొరేషన్ అనుమతి వచ్చింది కదా అని పని మొదలుపెడితే రెండో నోటీసు వస్తుంది.

కొనాలనుకునేవాళ్లకు ఇంకోటి: 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద పాత నగరంలో చాలా భాగం ఉంది. అమ్మకానికి ముందే కలెక్టరు అనుమతి కావాలి. బయానా ఇచ్చే ముందే ఆ పోళ్ ఆ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి.

చిన్న_అరుగు | ఆదివారం, ఉదయం 8.35

ఖర్చుకు టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ఇస్తారని విన్నాను. నిజమేనా?

నగర_పటం | ఆదివారం, ఉదయం 9.15

ఇస్తారు. మన దగ్గర రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు ఇచ్చే టీడీఆర్ లాంటిదే. జాబితాలో ఉన్న ఇంటి మీద అదనపు అంతస్తు వేసుకునే హక్కు వాడుకోలేరు గనుక, ఆ హక్కును నగరంలో వేరేచోట కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఆ డబ్బు ఇంటి మరమ్మతుకు ఆసరా. ధర మాత్రం బిల్డర్ల అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కాబట్టి పని మొత్తం దాని మీదే లెక్కేసుకోవద్దు. కాగితాలు తేలని ఇళ్లకు ఇది అందదు. నిజానికి ఎక్కువ శిథిలమైనవి ఆ ఇళ్లే, అదే నన్ను బాధించే విషయం.

హైదరాబాదు వాళ్లు దీన్ని శ్రద్ధగా చూడాలి. వారసత్వ కట్టడాలను కాపాడే హుడా (హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ) 13వ నిబంధనను 2015లో ఎత్తేశాక మన పాత దేవిడీల (నవాబుల కాలపు భవనాల) రక్షణకు 2017 వారసత్వ చట్టం వచ్చింది. కానీ యజమానికి చేతిలో డబ్బు ఆడే దారి లేకుండా జాబితా ఒక్కటే ఇల్లు నిలబెట్టదు.

మండువా_లోగిలి | ఆదివారం, ఉదయం 11.00

చెక్కిన బ్రాకెట్లు, కిటికీల గురించి ఎవరైనా చెప్పండి. వీధి వైపు బ్రాకెట్ల మీద నాలుగైదు పొరల ఆయిల్ పెయింటు ఉంటుంది. చిలకో, లతో ఏం చెక్కారో కూడా తెలియదు.

దూలం_వాసం | ఆదివారం, మధ్యాహ్నం 12.30

కాస్టిక్ సోడా ముట్టుకోవద్దు. పెయింటు పోతుంది, దాంతో పాటు టేకులోని నూనె కూడా పోయి చెక్క పీచు లేచి బూడిద రంగుకు తిరుగుతుంది. ఇసుక ఒత్తిడితో కొట్టించడం ఇంకా ఘోరం, చిలక ముక్కు మొదట పోతుంది. వేడి గాలి యంత్రం కూడా వద్దు. పాత పెయింట్లలో సీసం ఉంటుంది, ఆ పొగ మంచిది కాదు.

ముద్దలా ఉండే పెయింటు రిమూవర్ అరచేతి వెడల్పు మేర పూసి, పాలిథీన్ కాగితం కప్పి 20 నిమిషాలు ఆగండి. వెదురు పుల్ల చెక్కి దాంతో గీరండి. లోతైన గాడుల్లో ఇత్తడి బ్రష్షు, ఒకే దిశలో. ఒక బ్రాకెట్‌కు రెండు మూడు రోజులు పడుతుంది. మొదట బ్రాకెట్ వెనకవైపు ఒక మూల పరీక్షించి చూశాకే ముందుకు రండి. పొరల్లో అడుగున సన్నటి రంగుల చిత్రలేఖనం కనిపిస్తే అక్కడితో ఆపి నిపుణులను పిలవాలి.

చివర అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో ఒక పూత, వారం ఆగి నూనె పాలు పెంచి ఇంకోటి. పది నిమిషాలకు మిగిలిన నూనె గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే జిగటగా మారి దుమ్ము పడుతుంది. ఆ గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయొద్దు, వాటికవే నిప్పు అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఆరేయండి.

ఏసీ బయటి యూనిట్ బ్రాకెట్ పైన పెట్టి నీళ్లు దాని మీద కారనిస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. చుక్క పడే చోట రెండేళ్లకే చెక్క మెత్తబడుతుంది. సన్నటి గొట్టం వేసి చౌక్‌లోకి మళ్లిస్తే సరిపోతుంది.

ఊడొచ్చిన బ్రాకెట్‌ను పాత సామాన్ల వ్యాపారికి మాత్రం అమ్మకండి. ఒకటి అమ్మితే మిగతావాటి కోసం రోజూ తలుపు కొడతారు. ముందు ముఖభాగం బోసిపోతుంది, తర్వాత ఇల్లే పడిపోతుంది.

ఇంజినీర్_కాకినాడ | ఆదివారం, సాయంత్రం 4.10

వైరింగు సంగతి ఎవరూ అనలేదు. చెక్క ఇల్లు, సన్నటి సందు, ఫైరింజను లోపలికి రాదు. పాత గుడ్డ తొడుగు వైర్లు మొత్తం తీసేయాలి. కొత్తవి దూలాల్లో గాడి తీసి దాచకుండా పైన కనిపించే గొట్టాల్లో నడపాలి. అంతస్తుకో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), అంతస్తుకో నిప్పార్పే సిలిండరు.

చిన్న_అరుగు | ఆదివారం, సాయంత్రం 5.25

చివరగా టాంకూ. ఏళ్లుగా మూసి ఉన్నది మళ్లీ వాడుకోవచ్చా?

గానుగ_సున్నం | ఆదివారం, రాత్రి 7.45

వాడుకోవచ్చు, వాడుకోవాలి కూడా. లెక్క చూడండి. 40 చదరపు మీటర్ల మేడ, ఏడాదికి 750 మి.మీ. వాన, ఐదో వంతు పోయినా 24,000 లీటర్లు దిగుతాయి. 3 మీటర్ల పొడవు, 3 వెడల్పు, 2.5 లోతు ఉన్న తొట్టిలో 22,500 లీటర్లు పడతాయి. ఆనాటివాళ్లు కొలత ఊరికే పెట్టలేదు.

మూత తీయగానే ఎవరూ దిగొద్దు. ఏళ్ల తరబడి మూసిన తొట్టిలో ఊపిరాడని గాలి ఉంటుంది. మూత తీసి ఒక రోజంతా ఉంచి, పైనుంచి ఫ్యాను గాలి గొట్టంతో లోపలికి కొట్టించాలి. దిగేవాడి నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు. లోపల చూడటానికి అక్కడి పాత పద్ధతి చక్కటిది: చౌక్‌లో ఎండ పడేచోట అద్దం పట్టుకుని వెలుతురును లోపలికి మళ్లిస్తారు, అడుగు దాకా కనిపిస్తుంది.

బురద తోడేశాక గోడల మీద సున్నం పూత డొల్లగా మోగే చోట్ల మాత్రమే తీసి, పైన చెప్పిన పాళ్లలోనే, సుర్ఖీ కొంచెం ఎక్కువ వేసి పూయండి. మూలలు గుండ్రంగా తిప్పాలి, పదునుగా వదిలితే పగులు అక్కడే మొదలవుతుంది. పక్కనే మురుగు గొట్టం గానీ పాత ఖాళ్‌కువో (మురుగు నీళ్లు ఇంకే గుంట) గానీ ఉంటే దాన్ని పూర్తిగా తీసేశాకే నీళ్లు పట్టాలి. తొట్టి నింపి, నీటి మట్టం దగ్గర గీత గీసి, మూత వేసి మూడు రోజులు ఆగండి. గీత దిగకపోతే సరే.

మేడ మీంచి దిగే గొట్టానికి రెండు దారులు పెట్టి, మొదటి రెండు మూడు వానలు బయటికి వదిలేయాలి. ఆ తర్వాతే తొట్టిలోకి తిప్పాలి. తాగే ముందు ల్యాబులో నీళ్ల పరీక్ష చేయించండి. మొదటి ఏడాది తాగడానికి కాకుండా గోడలు తడపడానికి, నేల కడగడానికి వాడుకోండి. సున్నం పనికి రోజూ నీళ్లు కావాలి కదా, అవి అక్కడే కాళ్ల కింద ఉంటాయి.